నిత్యవిద్యార్థి రామమూర్తి పంతులుగారు

కొత్త అనుభవం అనగానే మన మనస్సు దూరదేశాలమీదికి పోతుంది. రైలెక్కాలి, సముద్రం దాటాలి, ఎన్నడూ చూడని కొండనో కోటనో చూడాలి. అప్పుడుగాని బ్రదుకులో కొత్తదనం రాదని పెక్కుమంది నమ్మకం. ఒకే ఊళ్లో, ఒకే బడిలో, ఒకే పాఠాన్ని ఏటేటా చెప్పుకొనే ఉపాధ్యాయునికి ఈ నమ్మకం మరింత బాధ కలిగిస్తుంది. హాజరు వేయడం, నిరుటి పాఠమే ఈ ఏడూ చెప్పడం, పరీక్ష కాగితాలు దిద్దడం, సెలవులకోసం ఎదురు చూడడం. ఇందులో నిత్యనూతనమైన ఆనందం ఎక్కడ దొరుకుతుందని అతడు అడిగితే ఆ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. దానికి తగిన జవాబు ఒక ఉపాధ్యాయుని జీవితంలోనే ఉంది. ముప్పయి రూపాయల జీతంమీద ఒక చిన్న పట్నంలో చరిత్ర పాఠాలు చెప్పడానికి కుదురుకొని, యాభై అయిదేండ్లకు పైగా ఆ పట్నాన్నే అంటిపెట్టుకొని ఉండి, ఆ పట్నం పొలిమేరల్లోనే ఎవరూ ఎరుగని లోకాలను కనుగొన్న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితం అది.

పంతులుగారి పేరు వినగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం తలపుకు వస్తుంది. పుస్తకాల మూట విప్పి, కావ్యాలూ వ్యాకరణాలూ ముందు పరచుకొని, పండితులతో గంటల తరబడి వాదించిన వృద్ధమూర్తి కన్నులకు కడుతుంది. ఆ మూర్తి నిజమైనదే. కాని అది ఆయన జీవితంలో ఉత్తరార్ధం. ఆ వాదానికి దిగేనాటికి ఆయన నలభయ్యవ పడి దాటి నాలుగేండ్లు కావచ్చినది. అంతకు ముందటి పాతికేండ్లలో ఆయన చేసిన పనులు పరిశీలిస్తే వాదించినవాని వెనుక ఒక విద్యార్థి కనిపిస్తాడు. ఏ రోజుకారోజు కొత్త సంగతి ఒకటి తెలుసుకోవాలని, తెలుసుకొన్నదానిని నలుగురికీ పంచాలని తహతహలాడే విద్యార్థి అతడు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఎక్కువగా చదివే ఈ పుటలో ముఖ్యంగా ఆ విద్యార్థిని గురించి చెప్పుకోవడం సముచితంగా ఉంటుంది.

1863 ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో రామమూర్తిగారు పుట్టినారు. నాడు అది గంజాం జిల్లా. నేడు శ్రీకాకుళం జిల్లా. తండ్రి వీర్రాజుగారు అక్కడి ఠాణాలో రెవిన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ అయినది. అక్కడే 1875లో విషజ్వరంతో ఆయన మరణించినారు. అప్పటికి బాలునికి పన్నెండేండ్ల ఈడు. అక్కడినుంచి చదువంతా బంధువుల ఆదరణమీదా, సొంత పట్టుదలమీదా సాగవలసి వచ్చినది. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరినారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆ ఇద్దరు బాలురూ ముందు ముందు తెలుగు వచనానికి కొత్తదారి వేస్తారని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషన్ ప్యాసైనారు. మరుసటి ఏడు పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో మొదటి ఫారానికి చరిత్ర చెప్పే ఉపాధ్యాయులుగా ప్రవేశించినారు. అప్పటికి వయస్సు ఇంచుమించు పదిహేడేండ్లు.

ఉద్యోగం దొరకగానే చదువు ముగిసినదని ఆయన అనుకోలేదు. పగలు పిల్లలకు పాఠం చెప్పుతూ, తన పాఠం తాను చదువుకొంటూ, 1886లో ఎఫ్.ఏ. పరీక్ష ఇచ్చినారు. 1894లోనూ 1896లోనూ అంచెలుగా బి.ఏ. పూర్తి చేసినారు. అందులో చరిత్రే ప్రధానాంశం. పదహారేండ్లు ఉపాధ్యాయుడుగా ఉండి కూడా పరీక్షార్థులతోపాటు బల్లమీద కూర్చోవడానికి సంకోచించని మనిషి ఆయన. పిల్లలచేత పరీక్షలు వ్రాయించేవాడు తానూ ఒక పరీక్షకు సిద్ధమవుతూ ఉంటే, ఆ తరగతిలో పాఠం చెప్పే తీరే వేరుగా ఉంటుందని మా వృత్తిలోనివారందరికీ తెలుసు. రాజావారి పాఠశాల కాలేజీగా పెరిగిన తరువాత ఆయనకు పై తరగతులవారికి చెప్పే అవకాశం కూడా కలిగినది.

అయితే ఆయనకు మొదటి గొప్ప ఆనందం పరీక్షలవల్ల వచ్చినది కాదు, రాళ్లవల్ల వచ్చినది. చరిత్ర పాఠ్యపుస్తకంలోని రాజులు ఢిల్లీలోనో లండనులోనో ఏలినవారు. ఆ పేర్లూ తేదీలూ పిల్లలు వల్లె వేసేవారు, పంతులు అప్పగింపజెప్పించుకొనేవాడు. కాని పుట్టిన ఊరి దగ్గరనే వంశధార ఒడ్డున, ముఖలింగంలో, మధుకేశ్వరాలయం స్తంభాలమీదా గోడలమీదా ఈ నేలను ఏలిన రాజులు తమ మాట చెక్కించి పోయినారు. తరతరాలుగా జనం ఆ రాళ్లకు పసుపూ కుంకుమా పెట్టి, ప్రదక్షిణం చేసి, పక్కనుంచి నడిచిపోతూనే ఉన్నారు. ఆ గీతలేమిటో చెప్పగలవారు ఊళ్లో లేరు. ఆ రాళ్లు చదివితే తప్ప తాను చెప్పే చరిత్రకు అర్థం లేదని ఈ చరిత్ర పంతులుకు తోచినది.

ప్రాచీన లిపి చదవడం చీకటింట్లో తడుముకొంటూ నడవడంవంటిది. నేటి అక్షరానికి కొంచెం పోలిక ఉన్న అక్షరాన్ని ముందు పట్టుకోవాలి. శాసనం మొదట వచ్చే మంగళవచనం, శకవర్షం, రాజు బిరుదులు ఇంచుమించు ప్రతి శాసనంలోనూ ఒక క్రమంలో వస్తాయి కనుక, వాటి ఆధారంతో తెలియని అక్షరాన్ని ఊహించాలి. ఆ ఊహ మరొక శాసనంలో సరిపోతే నిలుస్తుంది. లేకుంటే మళ్లీ మొదటికి రావాలి. ఒక్కొక్క అక్షరం తేటపడినప్పుడల్లా ఒక దీపం వెలిగినట్లుంటుంది. గురువు లేకుండా, స్వయంకృషితో, ఈ విద్యను రామమూర్తిగారు అభ్యసించినారు.

అది సరదాగా మొదలై సరదాగా ముగిసిన పని కాదు. గాంగరాజైన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించి ప్రకటించినారు. శకవర్షం 979 నాటి ఆ శాసనంమీద ఆయన వ్రాసిన వ్యాసం ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో చేరి, నేటికీ చరిత్రకారులకు ఉపయోగపడుతున్నది. తూర్పు గాంగుల శాసనాలలో వారి రాజధాని పేరు కళింగనగరమని కనిపిస్తుంది. ఆ నగరం ఎక్కడ ఉండేదన్నది ఆనాటి పండితులకు పెద్ద చిక్కు. పేరులో పోలికనుబట్టి సముద్రతీరాన ఉన్న కళింగపట్నమే అయి ఉండాలని కొందరు పెద్దలు నిర్ణయించినారు. అది కాదని, ముఖలింగమూ దాని పక్కనున్న నగరికటకమూ కలిసిన ప్రదేశమే ప్రాచీన కళింగనగరమని శాసనాల ఆధారంతో చూపినవారు రామమూర్తిగారు. ఆ నిర్ణయాన్నే తరువాతి చరిత్రకారులు పెక్కుమంది స్వీకరించినారు. విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లేదు; చేతికింద సహాయకులు లేరు. ఒక చిన్న పట్నంలో బడిపంతులు. చిన్ననాడు తాను తిరుగాడిన నేలే ఒకనాటి మహారాజధాని అని తెలిసినప్పుడు ఆయనకు కలిగిన సంతోషం ఎంతటిదో ఊహించుకోవలసిందే. ఏ దేశం వెళ్లినా ఇంతకన్న కొత్తది ఏమి దొరికి ఉండేది?

ఇక రెండవ లోకం. పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. కొండసరుకు మోసుకొని వారు సంతలకు దిగి వచ్చేవారు. ఉప్పూ గుడ్డా కొనుక్కొని సాయంకాలానికి కొండలెక్కి పోయేవారు. పట్నంలోని చదువుకొన్నవారికి వారి మాట కలకలారావంవలె వినిపించేది. బేరమాడేవానికి నాలుగు సవర మాటలు తెలిస్తే చాలు. అధికారికి దుబాసి ఉంటే చాలు. మధ్యనున్న ఈ దుబాసులూ వర్తకులూ చెప్పినదే సవరలకు న్యాయం, వ్రాసినదే లెక్క. అక్షరం లేనివాడు మోసపోవడం ఎక్కడైనా ఉన్నదే. తన భాష తెలిసిన అధికారి ఒక్కడూ లేనివాని అవస్థ అంతకన్న దుర్భరం. రామమూర్తిగారు ఆ కలకలారావంలో ఒక భాషను విన్నారు. దానిని నేర్చుకొని, వారికి చదువు చెప్పాలని ఆయనకు కోరిక పుట్టినది.

ఎట్లా నేర్చుకోవడం? సవరకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని వెదకి, ఇంట్లోనే పెట్టుకొని, అతనివద్ద పాఠం చెప్పించుకొన్నారు. ఆనాటి ఆచారాల లోకంలో కాలేజీ పంతులొకరు తన ఇంట్లో తానే శిష్యుడై, కొండమాటలు చెప్పే మనిషిని గురుస్థానంలో కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. లోకం ఏమనుకొంటుందో అన్న శంక కన్న, తెలియనిది తెలుసుకొంటున్నానన్న సంతోషమే ఆయనలో బలంగా ఉండి ఉండాలి. ఈ గురుశిష్యత్వం ఒక వేసవి సెలవుతో ముగియలేదు. ఏండ్ల తరబడి సాగినది.

ఆ భాషలో దిగినకొద్దీ వింతలు బయటపడినవి. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకుగాని ఒడియాకుగాని చుట్టం కాదు, దూరాన ఉన్న సంతాలీ ముండారీలకు చుట్టం. మన అక్షరమాలలో లేని ఒక ధ్వని, గొంతు చటుక్కున మూతపడి వినిపించే ధ్వని, అందులో అడుగడుగునా వస్తుంది. మనం చేపలు పట్టడమని రెండు మాటలలో చెప్పేదాన్ని వారు చేప అనే మాటను కుదించి క్రియలోనే ఇమిడ్చి ఒక్క మాటగా చెప్పగలరు. లెక్క మరీ వింత. మనం పదిదాకా లెక్కపెట్టి, పదిమీద ఒకటి, పదిమీద రెండు అని ముందుకు పోతాము. సవరలు పన్నెండుదాకా వేరువేరు మాటలతో లెక్కపెట్టి, పదమూడును పన్నెండుమీద ఒకటి అంటారు. పందొమ్మిదంటే పన్నెండుమీద ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. ముప్పయిమూడు వారికి ఇరవైమీద పన్నెండు, ఆపైన ఒకటి. పదులలోనే లెక్క ఉంటుందని పుట్టుకతో నమ్మినవానికి ఇది తెలిసిన రోజున లోకం కొంచెం పెద్దదైనట్లు తోచదా? చదువు లేనివారని మనం అనుకొనేవారి నోట ఇంత చక్కని కట్టుబాటు ఉన్నదన్న సంగతి రామమూర్తిగారి ఆలోచనను శాశ్వతంగా మార్చినది. వ్యాకరణం పుస్తకంలో పుట్టదు. మాట్లాడే మనిషి నోట ముందే ఉంటుంది. పుస్తకం దానిని కనిపెట్టి వ్రాసుకొంటుంది. ఈ సత్యం ఆయన ఏ శాస్త్రంలోనూ చదవకముందే సవరల సంభాషణలో విన్నారు. తరువాత హెన్రీ స్వీటు మొదలైన పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలు తెప్పించుకొని చదివి, తాను విన్నదానిని శాస్త్రపద్ధతిలో క్రమపరచుకొన్నారు.

ఇంట్లో నేర్చిన భాషను కొండల్లో సరిచూసుకోవాలి. అందుకోసం మన్యంలో తిరిగినారు. ఆ కాలాన మన్యమంటే చలిజ్వరానికి మారుపేరు. జ్వరం పట్టుకొన్నది, క్వినైను పుచ్చుకొన్నారు, ఆ మందువల్ల వినికిడి దెబ్బతిన్నది. క్రమంగా చెవుడు వచ్చి జీవితాంతం విడువలేదు. ఆయన విద్య అంతా చెవి మీద ఆధారపడినది. గొంతులో పుట్టే సన్నని ధ్వనిభేదాలను పట్టుకోవడమే ఆయన పని. ఆ పనిలోనే చెవులు పోవడం ఎంత క్రూరమైన విధి! కొత్త అనుభవాలు ఎప్పుడూ ఉచితంగా రావు. వాటికి ఇచ్చుకోవలసిన మూల్యం ఒక్కొక్కప్పుడు తిరిగి రానిదై ఉంటుంది. ఆయన ఆ మూల్యం ఇచ్చి కూడా పని మానలేదు.

తాను నేర్చుకొన్నది తనవద్దనే ఉంచుకొని ఉంటే రామమూర్తిగారు మంచి పండితులని మాత్రమే చెప్పుకొనేవారము. సవర పిల్లలకు వాచకాలు వ్రాసినారు. వారి పాటలూ కథలూ సేకరించినారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవరలకు సవరలోనే చదువు చెప్పించినారు. పరాయి మాటలో మొదటి అక్షరం నేర్వవలసిన పిల్లవానికి చదువంటే భయం. అమ్మ మాటలో నేర్చినవానికి చదువంటే ఆట. కొండపిల్లలకు ఆ ఆట దక్కాలని ఆయన పట్టుదల. ఈ కృషికి మెచ్చి ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, దానిని తాను తీసుకోక సవరల బడికి వెచ్చించమని కోరినారని ప్రతీతి. బిరుదులు తరువాత వచ్చినవి; కైజరీహింద్ పతకమూ వచ్చినది. అవి వచ్చినా రాకున్నా ఆయన దినచర్య మారి ఉండేది కాదు. ఇంచుమించు ముప్పయి అయిదేండ్ల శ్రమకు ఫలంగా 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించినది. ముండా భాషలను పరిశోధించేవారికి ఆ రెండు గ్రంథాలూ నేటికీ ఆధారాలు.

ఇప్పుడు వ్యావహారిక భాషావాదానికి వస్తే, దాని వేరు ఎక్కడ ఉన్నదో సుబోధకమవుతుంది. 1907 ప్రాంతాన జె. ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చినారు. తెలుగు పాఠం జరిగే తీరు చూసి, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాలలో తెలుగు మరొకటీ ఎందుకున్నవని ఆయనకు సందేహం కలిగినది. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాసయ్యంగారు ఈ సందేహం తీర్చగలవారు గురజాడ అప్పారావుగారూ గిడుగు రామమూర్తిగారూ అని చూపినారు. పరాయివాడొకడు అడిగిన చిన్న ప్రశ్న అది. పలువురికి అట్టి ప్రశ్న వింటే చిరాకు పుడుతుంది. రామమూర్తిగారికి కొత్త పాఠం దొరికినది. సవర పిల్లవానికి వాని నోటిమాటలో చదువు చెప్పడం న్యాయమైతే, తెలుగు పిల్లవానికి మాత్రం వాని నోటిమాట ఎందుకు నిషిద్ధం కావాలి? కొండల్లో పెంచిన ఆలోచన ఇట్లా ఊళ్లలోకి దిగి వచ్చినది.

1911లో ముప్పయి ఏండ్ల ఉద్యోగం పూర్తి కాగానే ఆయన స్వచ్ఛందంగా విరమించుకొన్నారు. అప్పటికి నలభై ఎనిమిదేండ్లు. పింఛను పుచ్చుకొని విశ్రమించవలసిన మనిషి మరొక కొత్త జీవితం మొదలుపెట్టినారు. ఆధునిక తెలుగును గురించి 1913లో విజ్ఞాపన వ్రాసినారు. పరీక్షలలో పిల్లలు తమకు నచ్చిన భాషలో వ్యాసం వ్రాసుకోవచ్చునన్న వెసులుబాటు కొద్దికాలం కలిగి, పండితుల వ్యతిరేకతవల్ల మళ్లీ పోయినది. ఆ ఓటమితో ఆయన కుంగిపోలేదు. 1919లో తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టినారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వ్యావహారికభాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షత వహించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. జీవితమంతా గ్రాంథికంలో వ్రాసి, వ్యాకరణం కూడా రచించిన ఆ వృద్ధుడు, మరణానికి మూడు నెలల ముందు కొత్త మార్గానికి చేయి అందించినారు. ఎదుటివాని వయస్సు ఎంతైనా వాని మనస్సులో విద్యార్థి ఇంకా బ్రదికి ఉన్నాడని నమ్మడం రామమూర్తిగారి స్వభావం. ఆ నమ్మకం ఇక్కడ ఫలించినది.

ఆయన వాదం చేసే పద్ధతి కూడా పాఠం చెప్పే పద్ధతే. ఊరూరా తిరిగి, ప్రయోగాలు చూపి, ఎవరికి వారే పోల్చి చూసుకొనేటట్లు చేసేవారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలపాటు మాట్లాడి, గ్రాంథికంలో తప్పులేకుండా వ్రాయగలవారు గ్రాంథికవాదులలోనే లేరని వారి రచనలలోనుంచే ఉదాహరణలు తీసి చూపినారు. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం, గద్యచింతామణి మొదలైన గ్రంథాలు ఈ పరిశ్రమకు ఫలాలు. అందులో కాఠిన్యం లేదనలేము. దెబ్బ తిన్న పండితులు ఆయనను తేలికగా క్షమించలేదు. ఆయన మాట పదునెక్కిన సమయాలున్నవి. కాని ఆ పదును ఎవరిమీద ప్రయోగించినారో గమనించాలి. అధికారమూ ప్రతిష్ఠా ఉన్న పెద్దలమీదనే. చిన్నవారిమీద ఎన్నడూ కాదు. కొత్తగా కలం పట్టిన యువకవులు పద్యంలో ఒక ప్రయోగం చేస్తే, అది తప్పని పండితులు అదలించినప్పుడు, అట్టి ప్రయోగాలు ప్రాచీన మహాకవులలోనే ఉన్నవని వెదకి వెదకి చూపి, వారికి అండగా ఒక పుస్తకమే వ్రాసినారు. దానికి బాలకవి శరణ్యం అని పేరు పెట్టినారు. ఆ పేరులోనే ఆయన హృదయం ఉన్నది. ఏటేటా ఎర్రసిరాతో వేల తప్పులు దిద్దే మా వృత్తివారు ఆ పేరు ఒకసారి తలచుకోవడం మంచిది. పిల్లవాడు వ్రాసిన కొత్తమాట తప్పని కొట్టివేసే ముందు, అది ఎక్కడినుంచి వచ్చినదో ఒక్కసారి వెదకితే, తప్పు పిల్లవానిదో మన తెలివిదో తేలుతుంది.

ఆయన ఉత్సాహం ఇంట్లోనూ పండినది. పెద్దకుమారుడు వేంకట సీతాపతిగారు తండ్రి వెంట సవర పరిశోధనలో పనిచేసినారు. భాషావేత్తగా పేరుపొందినారు. రైలుబండిమీదా చిలకమ్మ పెండ్లిమీదా పిల్లలకోసం పాటలు వ్రాసి, తెలుగు పసివాళ్ల నోటికి అందించినారు. అడవిలో కొత్త ధ్వనికోసం చెవి ఒగ్గిన తండ్రికి, పసిపిల్లల లోకంలో కొత్త లయలు విన్న కొడుకు తగిన వారసుడు.

1936లో ఒడిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడిని అందులో చేర్చినారు. ఆ నిర్ణయం రామమూర్తిగారికి సమ్మతం కాదు. పదిహేడవ ఏట అడుగుపెట్టి, డెబ్బయి మూడవ ఏటిదాకా బ్రదికిన ఊరిని విడిచి, రాజమహేంద్రవరం వచ్చినారు. చెవులు పోయినట్లే ఊరూ పోయినది. ఆ వయస్సులో ఈ దుఃఖం సామాన్యులను మంచం పట్టించేది. ఆయన వ్రాతపని ఆపలేదు. సభలకు పోవడం మానలేదు. వచ్చిన యువకులతో మాట్లాడడం మానలేదు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించినది. సవర నిఘంటువు అచ్చై చేతికి వచ్చినది కూడా ఆ సంవత్సరమే. అప్పటికి ఆయనకు డెబ్బయి అయిదేండ్లు. యౌవనంలో చెవులారా విన్న మాటలు ఇప్పుడు కంటితో చూసుకోవడానికి మాత్రమే ఆయనకు మిగిలినవి. కాని ఆ మాటలు పుస్తకంలో భద్రంగా ఉన్నవి. వినగలవారు విని, చదవగలవారు చదువుకోవచ్చు. 1940 జనవరి 22వ తేదీన ఆయన కన్ను మూసినారు.

ఆయన పుట్టిన దినం ఆగస్టు 29ని నేడు తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆనాడు పాఠశాలల్లో ఆయన పటానికి పూలమాల వేస్తారు. పిల్లలు ఉపన్యాసాలు వల్లెవేసి ఒప్పగిస్తారు. ఇవన్నీ మంచివే. అయితే ఆయనకు నచ్చే పూజ మరొకటి ఉండవచ్చు. పుస్తకం మూసి పిల్లలను బయటికి తీసుకుపోవచ్చు. ఊరి గుడి గోడమీద ఎవరూ చదవని గీతలేమిటో చూపవచ్చు. సంతలో వచ్చి పోయేవారి మాటలో మన మాటకు లేని సొగసేమిటో వినమనవచ్చు. తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న పిల్లవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడుతాడో అడిగి, వాని నోట పది మాటలు తక్కినవారిచేత నేర్పించవచ్చు. ఆ రోజు వాడు గురువవుతాడు, పంతులు శిష్యుడవుతాడు. మరునాడు ఆ పిల్లవాడు ముందు బల్లకు వచ్చి కూర్చుంటే ఆశ్చర్యపడనక్కరలేదు.